పదహారు అంగుళాల డప్పు: వేప చట్రం నుంచి వరిగడ్డి సెగ దాకా

చేస్తున్నది మేక తోలు డప్పు. అడ్డం 16 అంగుళాలు, చట్రం లోతు 4 అంగుళాలు, చెక్క మందం పూర్తయ్యాక అర అంగుళం. చోటు జనగామ దగ్గర మా ఊరి మాదిగవాడ కమ్యూనిటీ హాలు. ఆదివారాలు మాత్రమే. నేర్పేది మా పెద్దయ్య. జిగురు సంగతి మాత్రం మా అవ్వ చేతిలో ఉంది. నేర్చుకునేవాళ్లం అరడజను మందిమి, ఇద్దరు తప్ప అందరం సెలవు రోజున హైదరాబాద్ నుంచి వచ్చిపోయేవాళ్లమే. ఈ సంగతి తోలు దగ్గర అడ్డం వచ్చింది, కింద రాశాను.

ఇప్పుడు ఇనుప రింగుకు ఫైబర్ షీటు బిగించిన డప్పు షాపుల్లో దొరుకుతోంది. నట్లు తిప్పితే సరిపోతుంది, బిగువు కోసం మంట సెగ చూపక్కర్లేదు, వానలో తడిసినా పలుకుతుంది. దానితో నాకేం పేచీ లేదు. తోలుదే కావాలి, సొంతంగా చేసుకోవాలి అనుకునేవాళ్లకు ఈ డైరీ పనికొస్తుంది. ఎక్కడ పాడైంది, కొలత ఎంత తేడా వచ్చింది, తర్వాత ఏం మార్చాం అన్నవే ఇందులో ఉంటాయి. కొట్టడం గురించి ఏమీ లేదు.

1వ దశ: చట్రం (మార్చి, ఏప్రిల్)

వాడలో మిగిలిన పాత డప్పులన్నిటికీ మూడు బద్దలు అతికిన చట్రమే ఉంది. మేమూ అలాగే గీత గీసి, లెక్క చూసుకుని ఆగాం. 16 అంగుళాల చుట్టుకు మూడు బద్దలంటే ఒక్కోదానికి 14½ అంగుళాల పొడవు, 4½ వెడల్పు, 4 మందం ఉన్న దిమ్మె కావాలి. నాలుగు బద్దలైతే 12 × 3 × 4 దిమ్మె సరిపోతుంది. మొత్తం మీద నాలుగోవంతు చెక్క మిగులుతుంది.

చెక్క మిగలడం కన్నా పెద్ద లాభం ఇంకోటి ఉంది. చెక్కలో నార తిన్నగా పోతుంది, బద్దేమో వంపు తిరుగుతుంది. బద్ద ఎంత పొడవుంటే దాని చివర్లలో నార అంత అడ్డంగా తెగుతుంది. మేకు దిగినప్పుడు చీలేది అక్కడే. పాత డప్పుల్లో రెండింటికి చీలిక సరిగ్గా ఆ చోటే కనిపించింది. "మా నాయిన కాలంల లావు మొద్దులు దొర్కేటియి. మూడైతే అతుకులు తక్కువ" అన్నాడు పెద్దయ్య. ఇప్పుడు లావు మొద్దు దొరకదు కాబట్టి, ఒక అతుకు ఎక్కువైనా సరేనని నాలుగుకే వెళ్లాం.

చెక్క వేప. గాలివానకు పడిన చెట్టు కాండం, సా మిల్లులో కోయించాం.

మొదటి చట్రం పచ్చి చెక్కనే ఒకేసారి అర అంగుళానికి చెక్కి అతికింది. కొద్ది వారాల్లోనే వంకర పోయింది. బండ మీద పెడితే ఒక పక్క 6 మి.మీ. లేచింది. నాలుగు దిక్కులా అడ్డం కొలిస్తే 406, 398, 404, 411 మి.మీ. వచ్చాయి. రెండు అతుకులు నోరు తెరిచాయి. తోలు వేయకముందే దాన్ని పక్కన పెట్టేశాం.

పెద్దయ్యకు ఇది కొత్తేమీ కాదు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా (ఎస్సీ రిజర్వేషన్ల వర్గీకరణ కోసం మాదిగల ఉద్యమం) మొదలయ్యాక డప్పు మోత ఊరూరా తిరిగింది. అంతకుముందు ఊళ్లో చావుకూ చాటింపుకూ వెట్టిగా కొట్టించుకున్న డప్పే అప్పుడు ఊరేగింపు ముందు నడిచింది. ఆ రెండు మూడేళ్లలో చేసినన్ని డప్పులు తను మళ్లీ చేయలేదంటాడు. అడిగేవాళ్లు ఎక్కువై, ఆరబెట్టే తీరిక లేక పచ్చి చెక్కతో చేసిన చట్రాలు కొన్ని అటక మీద ఇప్పటికీ ఉన్నాయి. అన్నీ వంకరే.

రెండో చట్రానికి పని వరస మార్చాం:

1. దిమ్మె మీద వంపు గీసి, అంగుళం మందం మిగిలేలా మోటుగా కోయాలి. దిమ్మెను దిమ్మెగా ఆరబెడితే నెలలు పడుతుంది. సన్నగా కోసినది త్వరగా ఆరుతుంది.
2. కోసిన చివర్లకు పాత పెయింటు పూయాలి. తేమ ముందుగా పోయేది చివర్ల నుంచే, పగుళ్లు పుట్టేదీ అక్కడే.
3. నీడలో, మధ్య మధ్య పుల్లలు పెట్టి గాలి ఆడేలా పేర్చాలి.
4. వారానికోసారి నాలుగు బద్దలూ కలిపి తూకం వేయాలి. మాకు వచ్చినవి: 2.9, 2.6, 2.4, 2.3, 2.2, 2.2 కిలోలు. వరసగా రెండు వారాలు ముల్లు కదలకపోతే ఆరినట్టు.
5. చివర్లు ఒకదానికొకటి ఆనించి, ఫెవికాల్ పూసి, బయటా లోపలా రేకు పట్టీ వేసి రివెట్లు కొట్టాలి. రివెట్టుకు ముందు డ్రిల్లుతో బెజ్జం వేస్తే చెక్క చీలదు.
6. అతికాకే లోపల బాడిసతో, బయట చిత్రికతో అర అంగుళానికి దించాలి.

ఈసారి అడ్డం 406, 405, 407, 406. బండ మీద లేపు 1 మి.మీ. లోపే. చట్రం బరువు 1.1 కిలో.

ఖర్చు: చెక్క ₹900, కోత కూలి ₹300, రేకు, రివెట్లు ₹120, ఫెవికాల్ ₹90, గరుకు కాగితం ₹60.
ఇప్పటిదాకా మొత్తం: ₹1,470

2వ దశ: తోలు (మే)

ముందు ఒక మాట. డప్పుకు కావాల్సింది పచ్చితోలు. తంగేడు బెరడు వేసి లందలో, అంటే తోళ్లు ఊరేసే తొట్టిలో, ఊరబెట్టేది చెప్పులకు, బొక్కెనలకు. అలా ఊరిన తోలు మెత్తబడుతుంది, సాగుతుంది, సెగకు బిగుసుకోదు. కాబట్టి డప్పు తోలుకు పని సున్నంతో ఆగిపోతుంది. బిగించే వార్లు కూడా పచ్చి బర్రె తోలువే, లంద తగలనివి.

మేక తోళ్లు మటన్ షాపులో తీసుకున్నాం. చూసుకోవాల్సింది కత్తి గాట్లు. వీపు భాగంలో గోరంత గాటున్నా ఆ తోలు వద్దు. లాగినప్పుడు అక్కడే తెరుచుకుంటుంది.

1. ఉప్పు, నెత్తురు పోయేదాకా కడిగి, ఒక రాత్రి మంచినీళ్లలో నానబెట్టాలి.
2. పది లీటర్ల నీళ్లకు అర కిలో సున్నం. ప్లాస్టిక్ డ్రమ్ములో కలిపి తోలు ముంచాలి. రోజుకు రెండుసార్లు కర్రతో కలపాలి, తోలు మీద తోలు పడుకుంటే ఆ మడతలో సున్నం అందదు.
3. బొటనవేలితో రుద్దితే వెంట్రుక ఊడాలి. ఊడిందంటే ఆ గంటలోనే బయటికి తీయాలి.
4. నున్నటి దుంగ మీద పరిచి, మొద్దు కత్తితో ముందు వెంట్రుక, తర్వాత తిప్పి రంపెతో (తోలు కత్తితో) కండ, కొవ్వు గీకాలి.
5. సున్నం పోయేదాకా కడగాలి.

రబ్బరు గ్లౌజులు తప్పనిసరి. సున్నం నీళ్లు కంట్లో పడితే ఆడుకునే పని కాదు. వాడిన నీళ్లు కాలవలో పారబోయకుండా విడిగా గుంత తీసి పోశాం.

మొదటి తోలు మూడో మెట్టు దగ్గరే పోయింది. మేం కలిసేది ఆదివారం నుంచి ఆదివారానికి. సున్నానికి ఆదివారాలు తెలియవు. మే ఎండల్లో నీళ్లు వేడెక్కి మూడో రోజుకే వెంట్రుక వదిలేసింది, తోలు మాత్రం ఏడో రోజు దాకా డ్రమ్ములోనే ఉంది. తీసేసరికి ఉబ్బి, జారుడుగా తయారైంది. గోటితో గీకితే పై పొర లేచి వచ్చింది. అయినా చూద్దామని ఒక ముక్క ఆరబెడితే అప్పడంలా విరిగింది. రెండో తోలు నుంచి ఊళ్లో ఉండే ఇద్దరిలో ఒకరు పొద్దునా సాయంత్రం చూసేలా వంతులు పెట్టుకున్నాం. మేలో మూడు రోజులు, వానలు పడ్డాక ఐదు రోజులు పట్టింది. అందుకే రోజుల లెక్క రాసి పెట్టుకోవద్దు, బొటనవేలి పరీక్షనే నమ్మాలి.

సున్నం పోయిందో లేదో చూడటానికి అవ్వ చెప్పిన పద్ధతి బాగుంది. తోలు అంచున చిన్న ముక్క కోసి, కోసిన చోట పసుపు నీళ్లు రాయాలి. పారాణి రంగుకు తిరిగితే సున్నం ఇంకా లోపల ఉంది. పసుపు పసుపుగానే ఉంటే అయిపోయినట్టు. ఉత్త నీళ్లతో ఎన్నిసార్లు కడిగినా తోలు మధ్య పొరలో ఎర్ర గీత కనబడుతూనే ఉంది. ఒక రాత్రి పులిసిన తవుడు నీళ్లలో వేశాక పోయింది. పులుపు సున్నాన్ని విరుస్తుంది. ఒక్క రాత్రి చాలు. ఎక్కువైతే తోలే కుళ్లుతుంది.

గీకిన తోలును వెర్నియర్‌తో కొలిచాం. వీపు మధ్య 1.1 మి.మీ., పక్కలు 0.8, పొట్ట దగ్గర 0.6. మందం ఇంత తేడా ఉన్నప్పుడు చుట్టు ఎక్కడ గీస్తామన్నదే ముఖ్యం. వెన్నుగీత సరిగ్గా డప్పు నడిమి నుంచి పోయేలా గీయాలి. అప్పుడు పల్చన రెండు పక్కలా సమానంగా పడుతుంది. వీలైనంత మెడ వైపు జరిగి, పొట్టను వదిలేయాలి. చుట్టు అడ్డం 22 అంగుళాలు.

ఖర్చు: రెండు మేక తోళ్లు ₹120, వార్లకు బర్రె తోలు ₹250, సున్నం ₹40, గ్లౌజులు ₹80. తవుడు, పసుపు ఇంట్లోవి.
ఇప్పటిదాకా మొత్తం: ₹1,960

3వ దశ: జిగురు, బిగింపు (మే చివర)

చింతగింజల జిగురు. ఫెవికాల్‌తో అంటిస్తే ఏమని అడిగాం. తోలు పాడైనప్పుడు విప్పాలంటే ఫెవికాల్ చెక్కను కూడా పీక్కుని వస్తుంది, చింతగింజల జిగురైతే తడిబట్ట వేసి ఉంచితే వదులుతుంది. ఈ తేడా మాకు త్వరలోనే పనికొచ్చింది.

అవ్వ లెక్క: గింజలు వేయించి, పొట్టు తీసి, రాత్రంతా నానబెట్టి మెత్తగా రుబ్బాలి. పొడి లెక్కన వంద గ్రాములకు ముప్పావు లీటరు నీళ్లు. సన్న మంట మీద కలుపుతూనే ఉండాలి. మా తమ్ముడు పలచగా ఉండగానే దించబోతే, "చుక్కలు చుక్కలు పడుతున్నది సూడు. తీగ సాగాలె, అప్పుడు దించు" అంది. దించాక చిటికెడు మైలుతుత్తం. లేకపోతే పురుగు పడుతుంది. మైలుతుత్తం విషం, ఆ గిన్నె మళ్లీ వంటకు వాడొద్దు.

బిగింపు వరస:

1. తోలు అంచు నుంచి 15 మి.మీ. లోపలికి ఆరెతో (తోలు కుట్టే దబ్బనంతో) 24 బెజ్జాలు వేయాలి.
2. చట్రం బయటి అంచుకు రెండు అంగుళాల మేర జిగురు పూయాలి.
3. తడి తోలును వెంట్రుక వైపు పైకి వచ్చేలా పరవాలి.
4. వెనక నడుమ 8 అంగుళాల ఇనుప రింగు పెట్టి, వారును బెజ్జంలోంచి రింగుకు, రింగు నుంచి పక్క బెజ్జానికి తిప్పాలి.
5. మొదటి విడత వదులుగా, రెండో విడత ఎదురెదురు బెజ్జాలు లాగుతూ బిగించాలి. వరసగా గుండ్రంగా లాగుతూ పోతే తోలంతా ఒక పక్కకు జరిగి వెన్నుగీత నడిమి నుంచి తప్పిపోతుంది.

రెండో విడత బిగింపులో పల్చన పక్క నాలుగు బెజ్జాలు అంచు దాకా చిరిగాయి. బెజ్జం వెనక్కి జరుపుదామంటే తోలు చాలదు. పెద్దయ్య చెప్పినట్టు అంచు కింద సన్నని నూలు తాడు పెట్టి, తోలును దాని మీదికి మడిచి, రెండు పొరల్లోంచి కొత్త బెజ్జాలు వేశాం. ఇప్పుడు లాగుడు బెజ్జం మీద కాకుండా తాడు మీద పడుతోంది. ఆ తర్వాత ఒక్కటీ చిరగలేదు. తోలు మందమున్నా పల్చనున్నా ఇకనుంచి తాడు తప్పదు.

అదే తోలు మర్నాడు మధ్యాహ్నం పగిలింది. నీడలో పెట్టిన డప్పు మీదికి పొద్దు తిరిగి ఎండ వచ్చింది. అంచు వెంబడి నాలుగు అంగుళాల చీలిక, గట్టిగా చప్పుడు కూడా వచ్చిందట. విప్పి చూస్తే మూడు కారణాలు ఒకేచోట కలిశాయి.

చట్రం పై అంచు పదునుగా ఉంది. చిత్రిక పట్టాక అలాగే వదిలేసింది. తోలు ఆరి కుదించుకున్నప్పుడు ఆ అంచు దాన్ని కోసింది. రెండోది, తడిగా ఉన్నప్పుడే శక్తికొద్దీ లాగడం. పచ్చితోలు ఆరేటప్పుడు తనంతట తనే బిగుస్తుంది. ఆ బిగువుకు చోటు వదలాలి. మూడోది ఎండ. పై పొర గబగబా ఆరి ముడుచుకుంటుంటే లోపలి పొర ఇంకా తడిగానే ఉంది.

ఎండను తిట్టుకోవడం సులువే కానీ, నా లెక్కలో అసలు దోషి పదును అంచే. చీలిక అడుగునా సరిగ్గా అంచు గీత మీదే నడిచింది, ఒక్క చోట కూడా పక్కకు పోలేదు.

మూడో తోలుకు చేసిన మార్పులు:

1. అంచును ఆకురాయితో, తర్వాత గరుకు కాగితంతో గుండ్రంగా తిప్పాం. చిటికెన వేలు అంచు మీద జారితే ఎక్కడా గీసుకోకూడదు.
2. తడి బిగువుకు కొలత పెట్టుకున్నాం. నడుమ ఒక వేలితో నొక్కితే తోలు 10 మి.మీ. దాకా దిగాలి. 5కే ఆగిందంటే ఎక్కువ లాగినట్టు, వార్లు వదలాలి.
3. ఆరబెట్టింది హాలు లోపల, తలుపులు దగ్గరకు వేసి, ఫ్యాను ఆపి. మొదటి రోజు తోలు మీద తడి గోనె కప్పి, అంచు కన్నా నడుమ ముందు ఆరేలా నడుమ మాత్రం తెరిచాం.
4. రోజూ తూకం. 2.3 కిలోలతో మొదలై 1.7 దగ్గర ఆగింది. ఆగేదాకా ఎవరూ చిర్ర (డప్పు కొట్టే కర్ర) పట్టుకోకూడదని ఒట్టు.

ఖర్చు: చింతగింజలు ₹30, రింగుకు చువ్వ, వెల్డింగు ₹150, మూడో తోలు ₹60. తాడు, మైలుతుత్తం ఊళ్లోనే దొరికాయి.
ఇప్పటిదాకా మొత్తం: ₹2,200

4వ దశ: చిర్ర, చిటికెన పుల్ల, మొదటి కొలతలు (జూన్)

కుడిచేతి చిర్ర పొట్టిగా, లావుగా ఉంటుంది. మాది 9 అంగుళాలు, చింత కొమ్మది. ఎడమచేతి చిటికెన పుల్ల వెదురుది, 15 అంగుళాలు, కొస దగ్గర 4 మి.మీ. పుల్ల లావైతే తోలును అదిమి శబ్దాన్ని చంపేస్తుంది. ఇక్కడ ఇంతకన్నా చెప్పేదేం లేదు. ఖర్చు లేదు. భుజానికి వేసుకునే పట్టీకి ₹70.

ఫోన్లో శబ్దం కొలిచే యాప్‌తో అంచుకు రెండు అంగుళాల లోపల, ఎనిమిది చోట్ల వేలితో తట్టి చూశాం. ఆరిన తోలు, సెగ చూపకముందు: 104, 105, 103, 98, 96, 99, 104, 106 హెర్ట్జ్. నాలుగు, ఐదు, ఆరు చోట్లు పొట్ట వైపు పల్చన పక్క. అక్కడి వార్లను రింగు దగ్గర చిన్న చిన్న పుల్లలు దోపి మెలితిప్పితే 102, 101, 102 దాకా వచ్చింది. అంతకు మించి తిప్పలేదు.

ఒక చోట కొడితే సన్నగా జిర్రుమనే శబ్దం. తోలేమో అనుకుని చాలాసేపు వెతికాం. చూస్తే మూడో అతుకు లోపలి రేకు పట్టీలో ఒక రివెట్టు వదులు. కొత్త రివెట్టు వేసి, పట్టీ కింద జిగురులో ముంచిన గుడ్డ పేలిక పెట్టాక ఆగిపోయింది. జిర్రు వినబడితే ముందు ఇనుమును అనుమానించండి.

ఇప్పటిదాకా మొత్తం: ₹2,270

5వ దశ: సెగ (ఆషాఢం)

బోనాల రోజులు, ముసురు. గాలిలో తేమకు తోలు వదులై, పొద్దున 104 పలికింది సాయంత్రానికి 88కి దిగింది. కొట్టేవాళ్లు గుడి పక్కన వరిగడ్డి మంట వేసి డప్పు కాచుకునేది ఇందుకే.

మేం కొలిచి చూసింది ఇది. సెగకు ముందు 88. మంటకు అడుగున్నర దూరంలో తిప్పుతూ కాచాక 146. హాలు బయట ముసురులో అరగంట ఉంచితే 112. మళ్లీ కాస్తే 144. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఒకటి అడిగి తెచ్చి చూస్తే, పెద్దయ్య "చాలు" అన్నప్పుడల్లా తోలు 50, 55 డిగ్రీల మధ్య ఉంది. ఆయన మాత్రం అరచేతి వెనక వైపు తోలుకు ఆనించి చూస్తాడు.

సెగతో ఒక ప్రమాదం ఉంది. తడి తోలు 60, 65 డిగ్రీల దగ్గర ఉన్నట్టుండి ముడుచుకుపోతుంది. ఆ ముడుత మళ్లీ సాగదు. గాజులా గట్టిపడి, పసుపు పచ్చగా మచ్చ పడుతుంది. అదే తోలు పొడిగా ఉంటే ఆ వేడికి ఏమీ కాదు. కాబట్టి వానలో తడిసిన డప్పును నేరుగా మంట దగ్గరికి తీసుకెళ్లొద్దు. దీన్ని పరీక్షించడానికి పగిలిన రెండో తోలు ముక్కల్ని వాడాం. తడి ముక్కను మంట దగ్గర పెడితే చూస్తుండగానే మూడోవంతు కుదించుకుంది. పొడి ముక్క అలాగే ఉంది.

కాచే వరస:

1. తడిసిన డప్పును ముందు పొడిబట్టతో తుడిచి, గాలికి పెట్టాలి. చేతికి చల్లగా తగిలినంతసేపూ అది తడే.
2. మంటకు వరిగడ్డి గానీ కాగితాలు గానీ వాడాలి. లావు కట్టెలు వద్దు, నిప్పు ఒకచోటే నిలిచి మచ్చ పడుతుంది.
3. తోలు ముఖం మంట వైపు పెట్టి, చక్రంలా తిప్పుతూనే ఉండాలి. నడుమ కన్నా అంచుకు ఎక్కువ సెగ అందాలి. అంచు దగ్గర తోలు, చెక్క, జిగురు కలిసి ఉంటాయి కాబట్టి తేమ పోవడానికి ఆలస్యమవుతుంది.
4. తట్టి చూసి, శబ్దం ఎక్కడం ఆగిన చోట ఆపాలి. మాకు 146 దాటి ఎప్పుడూ ఎక్కలేదు. ఇంకా కాస్తే పెరిగేది ప్రమాదమే.
5. పని అయ్యాక ఎలుకలకు అందకుండా పైన వేలాడదీయాలి. తోలు, చింతగింజల జిగురు రెండూ వాటికి ఇష్టమే.

ఒకటి గమనించాం. పల్చన పక్క 101 ఉన్న చోటు సెగ తర్వాత 139, మందం పక్క 146. అంటే సెగకు ముందున్న తేడా సెగ తర్వాత ఇంకా పెరిగింది. కాచితే అన్నీ సర్దుకుంటాయని కొట్టేవాళ్లు అనుకుంటారు, వినడానికి అలాగే ఉంటుంది కూడా. యాప్ మాత్రం ఒప్పుకోలేదు. చుట్టు గీసేటప్పుడు మెడ వైపు ఇంకో అంగుళం జరపాల్సిన తోలు ఇది.

కొత్త ఖర్చు లేదు. మొత్తం ₹2,270 దగ్గరే ఉంది. ఇందులో పాడైన రెండు తోళ్లకు ₹120. మొదటి చట్రం చెక్క ఆ ₹900లోనే ఉంది.

తర్వాతది పిల్లల కోసం 14 అంగుళాలది. నాలుగు బద్దలే, అంచు అతికిన రోజే గుండ్రంగా తిప్పేస్తాం, రేకు పట్టీల కింద ముందే పేలికలు. బద్దలు మోటుగా కోసి నీడలో పేర్చాం. వానాకాలం కదా, తూకం ఇంకా దిగుతూనే ఉంది. రెండు వారాలు ఆగేదాకా అతకం.